ఏడో నంబరు పరికరం

కబ్వే రైల్వే క్వార్టర్లలో విల్‌బ్రాడ్ కాఫులా ఇల్లు ఎక్కడని అడిగితే, టమాటాలు అమ్ముకునే ఆవిడైనా తల తిప్పకుండా వేలు చూపిస్తుంది. అంత పేరున్న మనిషి. సిగ్నళ్ళ శాఖలో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేశాడు. గడ్డి కప్పిన మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివి, తీగచుట్టలు భుజాన మోసే కూలీగా చేరి, పెద్ద మెకానిక్కుగా రిటైరయ్యాడు. డెబ్బై ఎనిమిదో సంవత్సరం వానల్లో కట్ట తెగి స్తంభాలు మునిగిపోతే దోనెలో వెళ్ళి తీగలు కలిపినవాడు ఆయనే. దేశాధ్యక్షుడి ప్రత్యేక బండి ఎర్రదీపం ముందు ఆగిపోయిన రోజున, పైఅధికారులంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉంటే, పదకొండు నిమిషాల్లో దీపాన్ని పచ్చగా మార్చినవాడూ ఆయనే.

ముందుగదిలోని గాజు బీరువాలో ఆ సర్వీసు తాలూకు పతకాలు నాలుగు, గోడగడియారం ఒకటి, నల్ల అట్టల లోపాల పుస్తకాలు తొమ్మిది ఉన్నాయి. పుస్తకంలో ప్రతి పేజీకీ అయిదు గళ్ళు: తేదీ, లోపం, కారణం, బాధ్యుడు, సరిచేసిన సమయం. మొత్తం నాలుగు వందల పన్నెండు లోపాలు. బాధ్యుడి గడిలో పిడుగుంది, ఎలుకలున్నాయి, రాగితీగల దొంగలున్నారు, కునుకు తీసిన స్టేషన్ మాస్టర్లున్నారు, తాగొచ్చిన డ్రైవరు ఒకడున్నాడు. కాఫులా పేరు మాత్రం ఎక్కడా లేదు. ఈ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ పుస్తకం తెరిచి మరీ చూపించేవాడు. ఇప్పుడు వచ్చేవాళ్ళు తగ్గిపోయారు.

భార్య పెర్పెచువా పోయి ఈ అక్టోబరుకు ఏడాది. నలభై ఏళ్ళ పైచిలుకు కాపురం. చిటాలు అని ఒక్క కూతురు పుట్టింది, పదకొండు నెలలు బతికింది. అయినా పెర్పెచువా చివరిదాకా ఆయన్ని “చిటాలు నాన్నా” అనే పిలిచింది. ఇప్పుడు అలా పిలిచేవాళ్ళు ఎవరూ లేరు.

వాళ్ళ తెగ ఆచారం ప్రకారం, ఏడాది నిండిందంటే పోయినామె తరఫువాళ్ళు వచ్చి మొగుణ్ణి ఆ బంధం నుంచి వదిలిపెట్టాలి. పోయిన మనిషి గది గడప ముందు చాప పరిచి కూర్చోబెట్టి, మణికట్టుకు తెల్లపూసలు కట్టి, విడుపు మాట చెప్పాలి. ఆ మాట పడేదాకా ఆమె ఆత్మ ఆయన భుజం మీదే ఉంటుంది, గది సామాను ఎవరూ ముట్టుకోరు. మాట చెప్పాల్సింది ఆమె మేనమామ, కసామాలో ఉండే కపాసా ముసలాయన. ఎనభై ఎనిమిదేళ్ళు. మూత్రపిండాలు చెడి కాళ్ళు వాచిపోయాయి. వచ్చే సోమవారం ఆయన్ని ఆపరేషనుకు రాజధానికి తీసుకెళుతున్నారు. తిరిగొస్తాడన్న నమ్మకం ఇంట్లో ఎవరికీ లేదు.

“నా నోటితో కట్టిన పెళ్ళి, నా నోటితోనే విప్పాలి,” అన్నాడట ముసలాయన. “ఉత్త గొంతు వినిపిస్తే కుదరదు. ఆ గడపా, ఆ చెయ్యీ, ఆ పూసలూ నా కళ్ళకు కనపడాలి.”

అందుకని శనివారం ఉదయం పది గంటలకు లాప్‌టాప్‌లో చేద్దామని నిర్ణయమైంది. పూసలు బస్సులో ముందే వచ్చేశాయి. కట్టేది పెర్పెచువా చెల్లెలి కూతురు న్గోసా. ఊళ్ళోనే ఆరోగ్యకేంద్రంలో నర్సు.

మంగళవారం నాడు న్గోసా తన లాప్‌టాప్ పట్టుకొచ్చి, చిన్నగది గడప ముందు స్టూలు మీద పెట్టి, కసామాకు కలిపి చూసింది. అక్కడ మనవరాలెవరో ఫోను పట్టుకుంది. ముసలాయన మొహం తెర నిండా వచ్చింది.

“విల్‌బ్రాడ్, నువ్వేనా అది? చిక్కిపోయావేంట్రా? వినపడు—”

నోరు తెరిచి ఉండగానే బొమ్మ బిగుసుకుపోయింది. మళ్ళీ కలిపారు, పోయింది. అయిదుసార్లు కలిపితే అయిదుసార్లూ నిమిషం దాటలేదు.

“పెదనాన్నా, నెట్టు బాగానే వస్తోంది,” అంది న్గోసా, కిటికీ బయట బిగించిన చిన్న గొడుగు ఆంటెన్నా వంక చూస్తూ. దాని తీగ కిటికీ గట్టు మీది వైఫై పెట్టెలోకి వస్తుంది. “పెట్టె దాకా వస్తోంది, పెట్టె నుంచి లాప్‌టాప్‌కు రావడంలో పోతోంది. ఇంట్లో ఏదో అడ్డం పడుతోంది.”

“పెట్టె నుంచి ఒక తీగ లాగెయ్. పని అయిపోతుంది.”

“దీనికి తీగ పెట్టే సందే లేదు పెదనాన్నా. ఇప్పుడన్నీ గాల్లోనే.”

“గాల్లో!” అని కాఫులా మీసం దువ్వుకున్నాడు. “గాల్లో సిగ్నలు పంపినవాణ్ణి ఎవణ్ణయినా మా శాఖలో ఉంచేవాళ్ళా? పోనీ నీ ఫోనుతో చేస్తే?”

“ఈ రేకు కప్పు కింద నా ఫోనుకు ఒక్క గీత కూడా రాదు. మా ఇంట్లో చేద్దామంటే గడప ఇదే కావాలంటారు తాతయ్య.” ఆ పిల్ల మొహంలో అలసట కనిపించింది. “శనివారం తాతయ్య మాట మధ్యలో తెగిపోతే ఎలా? ఆ మాట రెండుసార్లు చెప్పకూడదంటారు కదా.”

“లాప్‌టాప్ ఇక్కడే ఉంచి వెళ్ళు,” అన్నాడు కాఫులా. “దేశాధ్యక్షుడి బండికి పదకొండు నిమిషాలు పట్టింది. దీనికి శనివారం దాకా టైముంది.”

ఆ పిల్ల వెళ్ళాక పదో పుస్తకం తీశాడు. కొత్తది. రిటైరయ్యాక ఒక్క లోపమూ రాలేదు గనుక అందులో ఇంకా అక్షరం పడలేదు. ఆయన పద్ధతి ఒకటే, ముప్పై ఎనిమిదేళ్ళూ అదే: ఉన్న వస్తువులకు నంబర్లు వెయ్యాలి, ఒక్కొక్కటే ఆపాలి, ఆపిన ప్రతిసారీ పరీక్ష పెట్టాలి, రాయాలి. రెండు కలిపి ఆపితే ఏది దొంగో తెలియదు.

న్గోసా లాప్‌టాప్ తెర మీద ఒక నల్ల కిటికీ చూపించి వెళ్ళింది. అందులో రెండు ముక్కలు కొడితే లాప్‌టాప్ నుంచి వైఫై పెట్టెకు వంద పిలుపులు వెళతాయి, ఎన్నింటికి బదులొచ్చిందో లెక్క చెబుతుంది. ఈ పని కాఫులాకు తెగ నచ్చింది. పిలవడం, బదులు రావడం. స్టేషనుకూ స్టేషనుకూ మధ్య గంట కొట్టి అడిగే రోజుల్లాగే ఉంది.

మొదటి పేజీలో రాశాడు. ఒకటి, తీగలేని మౌసు. రెండు, చర్చి పాటల బృందం ఇచ్చిన బ్లూటూత్ స్పీకరు. మూడు, గేటు దగ్గరి గంట మీట. నాలుగు, గాజు బీరువా పక్కనున్న టీవీ. అయిదు, చుట్టుపక్కల ఇళ్ళ వైఫైలు. ఆరు, పక్కింటి మైక్రోవేవ్. ఆరు రాసి కింద గీత గీశాడు.

ఏడోది రాయలేదు. పెర్పెచువా మంచాన పడ్డప్పుడు, పసిపిల్లల గదుల్లో పెట్టే వినికిడి పెట్టె ఒకటి న్గోసా తెచ్చిపెట్టింది. పెట్టె చిన్నగదిలో ఆమె తల దగ్గర, దాని జత స్పీకరు కాఫులా తలగడ పక్కన. ఆమె దగ్గినా, మూలిగినా ఇవతల వినపడేది. ఆమె పోయాక కూడా ఆ రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. స్పీకరు సన్నగా, ఎడతెగకుండా హుష్షుమంటూ ఉంటుంది. కరెంటు పోయినా ఆగకూడదని రెండింటిలోనూ బ్యాటరీలు మారుస్తూ వచ్చాడు. దాన్ని పుస్తకంలో ఎందుకు రాయలేదంటే, ఆయన దగ్గర కారణం సిద్ధంగా ఉంది. పైన రాసినవన్నీ మాట్లాడే వస్తువులు. ఇది వినే వస్తువు. వినేది ఎవరికి అడ్డం?

బుధవారం ఉదయం కరెంటు రాగానే మొదలుపెట్టాడు. మౌసు పీకాడు, తేడా లేదు. పాటల స్పీకరు ఆపాడు, లేదు. గంట మీటలో బ్యాటరీ తీశాడు, లేదు. టీవీ తీగ లాగేశాడు, లేదు. అయిదోది న్గోసా చెబితే గానీ కాదు. అందుకని ముందు ఆరో నంబరు, పక్కింటావిడ.

పక్కింటావిడ ఎస్నార్ట్ షావా, చిపాటా వైపు న్గోని తెగ మనిషి. కాఫులాది బెంబా తెగ. బెంబా వాళ్ళకూ న్గోని వాళ్ళకూ పూర్వం జరిగిన యుద్ధాల పుణ్యమా అని బావామరదళ్ళ వరస. ఎదురుపడితే తిట్టుకోవాలి, కోపం తెచ్చుకోకూడదు. పెర్పెచువాను శ్మశానానికి తీసుకెళ్ళిన రోజున ఈ షావాయే బండికి అడ్డంగా రోడ్డు మీద పడుకుని, “నాకు సుంకం కట్టి మరీ తీసుకెళ్ళండి నా వదిన్ని,” అని యాగీ చేసింది. ఏడుస్తున్న జనమంతా నవ్వారు. అది ఆమె హక్కు, ఆమె పని కూడా.

“ఏమే, ఎలుకలు తినేదానా!” అని కంచె మీంచి కేకేశాడు కాఫులా.

“ఏంట్రా కోతిమాంసం బావా, పొద్దున్నే నా పేరెత్తావు? ఆకలేస్తోందా?”

“నీ మైక్రోవేవ్ ఆపు. నా లాప్‌టాప్‌ను తినేస్తోంది.”

ఆమె చేతిలో పిండిగిన్నెతోనే వచ్చింది. “నా మైక్రోవేవ్ పాలు కాస్తుంది గానీ లాప్‌టాప్‌లు తినదు. మీ బెంబా ఇంట్లో ఏది చెడినా న్గోని వాళ్ళదే తప్పా? వంద సంవత్సరాల క్రితం కూడా ఇదే మాటన్నారు, చావుదెబ్బలు తిన్నారు.”

“తిన్నది మీరు.”

“బడిలో చరిత్ర నువ్వు ఏడో తరగతితో ఆపేశావుగా. అందుకే తెలీదు.”

అయినా ఆపింది. పది నిమిషాలు ఆపి, పది నిమిషాలు వేసి, మళ్ళీ ఆపింది. కాఫులా గడప ముందు కూర్చుని పిలుపులు లెక్కపెట్టాడు. వేసినప్పుడు ఇరవై ఎనిమిది, ఆపినప్పుడు ముప్పై ఒకటి. మూడంటే మూడు పిలుపులు.

“ఏమైంది బావా? దొంగ దొరికిందా?” అని కంచె అవతల నుంచి అడిగింది.

“నువ్వు కాదులే,” అన్నాడు, ఇష్టం లేకుండా.

“గట్టిగా చెప్పు, వీధికి వినపడాలి!”

గురువారం నాడు అయిదో నంబరు పట్టాడు. న్గోసా డ్యూటీలో ఉండగా, గీతలు దొరికేటట్టు కిటికీ బయటికి ఒంగి ఫోనులో ఆమె చెప్పింది వింటూ వైఫై పెట్టె లోపలి పేజీ తెరిచాడు. ఛానెళ్ళ సంగతి వినగానే ఆయన మొహం వెలిగిపోయింది.

“అంటే ఇవి పట్టాలేనన్నమాట. చుట్టుపక్కల నాలుగిళ్ళ బండ్లు ఆరో పట్టా మీదే నడుస్తున్నాయి, మనదీ అదే పట్టా. ఒకే పట్టా మీద రెండు బండ్లు వదిలితే ఏమవుతుంది?”

“ఆ, అదే పెదనాన్నా. పదకొండుకు మార్చెయ్.”

మార్చాడు. ముందుగదిలో బదులు వందకు వంద. కుర్చీలోంచి లేచి, ఎవరూ లేని గదిలో గొంతు సవరించుకున్నాడు. తరవాత లాప్‌టాప్ చేత్తో పట్టుకుని గడప దాకా వెళ్ళాడు. ముప్పై మూడు.

అప్పుడు పాత పద్ధతిలో లైను వెంబడి నడవాలనుకున్నాడు. సుద్దముక్క తీశాడు. ఎర్రపాలిష్ చేసిన గచ్చు మీద నాలుగడుగులకొకచోట ఆగి, పిలుపులు పంపి, వచ్చిన అంకె నేల మీద రాశాడు. ఆ గచ్చును పెర్పెచువా ప్రతి శనివారం మోకాళ్ళ మీద కూర్చుని మెరిపించేది. ఆమె చూస్తే సుద్ద చేతిలోంచి లాక్కునేదే. కిటికీ దగ్గర నూరు. బల్ల దగ్గర తొంభై ఎనిమిది. గాజు బీరువా దగ్గర తొంభై రెండు. వంటింటి తలుపు దగ్గర ఎనభై. నడవా మధ్యలో యాభై ఏడు. చిన్నగది గడప దగ్గర ముప్పై మూడు.

అక్కడ ఆగితే బాగుండేది. లైను చివరిదాకా నడవకుండా వదిలిన అలవాటు ఆయనకు లేదు. తలుపు తీసి లోపలికి ఒక్క అడుగు వేశాడు. మంచం, మంచం మీద మడతపెట్టిన, ఆమె నడుముకు చుట్టుకునే చితెంగె గుడ్డలు, కిటికీలో ఎండ, తల దగ్గర బల్ల మీద ఆ పెట్టె, దాని మీద చిన్న పచ్చదీపం. పిలుపులు పంపాడు. వందకు తొమ్మిది.

దూరాన్ని బట్టి తగ్గిందని ఒక మెకానిక్కును ఒప్పించవచ్చు. నాలుగు వందల పన్నెండు లోపాలు పట్టినవాణ్ణి ఒప్పించలేం. దూరానికి తగ్గేది మెల్లగా తగ్గుతుంది. ఇది దొంగ దగ్గరకు వచ్చేకొద్దీ తగ్గినట్టు తగ్గింది. వినేది ఊరికే విని ఊరుకోదు, విన్నదాన్ని అవతలి చెవిలో వెయ్యాలి గదా. అందుకోసం పగలూ రాత్రీ గాల్లోకి అరుస్తూనే ఉండాలి. ఏడాదిగా ఆ పెట్టె ఖాళీ గదిని ఆయన తలగడ దగ్గరకు మోసుకొస్తోంది.

కాఫులా ఒంగి, ఆ తొమ్మిది అంకె మీద చెప్పుతో రుద్దాడు. పుస్తకంలో రాయలేదు. తలుపు దగ్గరగా వేశాడు.

శుక్రవారం పదకొండింటికి న్గోసా వచ్చింది. గడప ముందు లాప్‌టాప్ పెట్టి కసామాకు కలిపింది. ఒకటిన్నర నిమిషం నిలబడింది. ముసలాయన ఈసారి పడుకునే ఉన్నాడు, గొంతు బాగా సన్నగిల్లింది. “రేపు నేను—” అన్నాడు. తెర బిగిసింది.

“అన్నీ ఆపావు కదా పెదనాన్నా? ఇంకేమైనా ఉందా?”

“ఆరూ ఆపాను,” అన్నాడు. అబద్ధం కాదు.

న్గోసా నేల మీది అంకెలు చూసింది, గది తలుపు చూసింది, ఆయన మొహం చూసింది. కూతురు వరస పిల్ల. తండ్రి వరస మనిషితో కొన్ని మాటలు అనకూడదు. “నేను షావా ఆంటీ దగ్గర మంచినీళ్ళు తాగొస్తా,” అని బయటికి వెళ్ళింది. కాఫులా ఇంట్లోనే కుండ నిండా నీళ్ళున్నాయి.

కాసేపటికి షావా ఒక్కతే వచ్చింది. తలుపు కొట్టలేదు. చేతిలో మొక్కజొన్న ముంకోయో జావ గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“తాగు. విషం కలిపాను.”

“మీ వాళ్ళ విషం మా పిల్లులు కూడా తాగవు.”

ఆమె నవ్వలేదు. నేరుగా ఆయన పడకగదిలోకి వెళ్ళిపోయింది. వరసైన మనిషి గనుక ఎవరూ ఆపకూడదు. తరవాత ఆ హుష్షుమనే స్పీకరును చేతిలో పట్టుకుని వచ్చింది.

“ఇదేంటి బావా?”

“పెట్టెయ్ అక్కడ.”

“ఏడాదిగా ఖాళీ మంచం గురక వింటున్నావా?”

ఆ మాట ఈ ప్రపంచంలో ఇంకెవరు అన్నా ఆయన చెయ్యి లేచేది. షావా అంది. మరదలు అన్నదానికి కోపం తెచ్చుకోకూడదు, తాతల నాటి కట్టుబాటు అది. కాఫులా చేతులు మోకాళ్ళ మీదే ఉండిపోయాయి.

“గురక పెట్టేది కాదు ఆవిడ,” అన్నాడు చివరికి.

“పెట్టేది. మా ఇంటికి వినపడేది.” షావా గచ్చు మీద కూలబడింది. “ఎందుకు ఉంచావు?”

ఆయన స్పీకరు వైపు చెయ్యి చూపించాడు. “ఆ రోజు పొద్దున ఇది తలగడ దగ్గరే ఉంది. నేను గేటు దగ్గరున్నాను. కొత్తగా చేరిన సిగ్నల్ కుర్రాడెవడో పెన్షన్ కాగితం తెచ్చాడు. వాడికి అధ్యక్షుడి బండి సంగతి చెబుతున్నాను. మొత్తం చెప్పాను. లోపలికొచ్చేసరికి అయిపోయింది.” గ్లాసును పక్కకు జరిపాడు. “పిలిచిందో లేదో నాకు తెలీదే. మళ్ళీ పిలిస్తే ఈసారి వినాలని…”

షావా స్పీకరును ఒళ్ళో పెట్టుకుంది, పసిపిల్లను పెట్టుకున్నట్టు. “ఆ పొద్దున నేను కంచె పక్కనే బట్టలారేస్తున్నాను. ఆ కిటికీ తెరిచే ఉంది. పిలిచుంటే నాకు వినపడేది. అయినా పిలిస్తే నన్ను పిలిచేది గానీ నిన్నెందుకు? నీకు నీ కథ తప్ప ఇంకేం వినపడదని ఆవిడకి తెలుసు.” గ్లాసును మళ్ళీ ఆయన ముందుకు జరిపింది. “పిలవలేదు బావా.”

వరసైనవాళ్ళు అబద్ధమాడితే పట్టింపు లేదు. ఎంత పెద్ద అబద్ధమైనా ఆడొచ్చు, అది కూడా వాళ్ళ హక్కే. అందుకే ఆమె చెప్పింది నిజమో కాదో కాఫులా తేల్చుకోలేకపోయాడు. ఆమె మొహంలోకి చూశాడు. ఆమె గ్లాసులోకి చూస్తోంది.

“తాగు ముందు, పులిసిపోతుంది,” అని లేచింది. స్పీకరును ఆపలేదు. ఆయన పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

శనివారం ఉదయం ఆరింటికి కరెంటు వచ్చింది. కాఫులా స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, రైల్వే వాళ్ళిచ్చిన నల్లకోటు తొడుక్కున్నాడు. పుస్తకం తెరిచి, గీత కింద ఏడో నంబరు వేసి, “వినికిడి పెట్టె, చిన్నగది” అని రాశాడు. సర్వీసులో ఏ లైను మూసినా ముందు అవతలి స్టేషనును అడిగేవాళ్ళు, బదులొచ్చాకే మీట తిప్పేవాళ్ళు. ఆయన గదిలోకి వెళ్ళి మంచం అంచున కూర్చున్నాడు. పెట్టె దగ్గరగా ఒంగి, “పెర్పెచువా, మూసేస్తున్నాను,” అన్నాడు. ఆ మాట రెండు గోడల అవతల, తన తలగడ పక్కన స్పీకరులో తనకే వినపడింది. ముసలి గొంతు. ఇంట్లో ఇంకెవరిదో అన్నట్టు ఉంది.

కొంచెంసేపు ఆగాడు. ఆ తరవాత మీట నొక్కాడు. పచ్చదీపం పోయింది. పడకగదిలో స్పీకరు ఒక్కసారి పెద్దగా గరగరలాడింది. వెళ్ళి దాన్నీ ఆపాడు.

ఇల్లు ఎంత పెద్దదో ఆ రోజు దాకా ఆయనకు తెలియదు.

గడప ముందు పిలుపులు పంపాడు. తొంభై ఏడు. పాత అంకె తుడిచి కొత్తది రాశాడు.

తొమ్మిదిన్నరకు న్గోసా, ఆమె వెంట పెర్పెచువా వైపు ఆడవాళ్ళు నలుగురు వచ్చారు. చాప పరిచారు. షావా పిలవకుండానే వచ్చి వెనకాల గోడకానుకుని కూర్చుని, “త్వరగా కానివ్వండి, ఈయన్ని వదిలేస్తే నేను బజార్లో అమ్ముకోవాలి,” అంది. ఆడవాళ్ళు నవ్వారు. సరిగ్గా పదింటికి కసామా కలిసింది. ముసలాయన్ని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. ముక్కు దగ్గర గొట్టం ఉంది. అయినా తల మీద టోపీ పెట్టించుకున్నాడు.

“గడప కనపడేటట్టు తిప్పండి,” అన్నాడు. తిప్పారు. “ఆ… అదే గడప. చెయ్యి చూపించు విల్‌బ్రాడ్.”

న్గోసా ఆయన ఎడమ మణికట్టుకు తెల్లపూసల దండ కట్టింది. తెరలో ముసలాయన కళ్ళు చికిలించి ముడి పడేదాకా చూశాడు. ఊపిరి తీసుకోవడానికి చాలాసేపు ఆగాడు. ఆగిన ప్రతిసారీ అందరి చూపూ తెర మీదికి పోయింది, బిగుసుకుపోయిందేమోనని. బిగుసుకోలేదు. ఆ ముసలి ఛాతీ లేచి దిగడం కనపడుతూనే ఉంది.

“మా పిల్లను నీకిచ్చాం,” అన్నాడు. “నువ్వు చూసుకున్నావు. జబ్బులో చూసుకున్నావు. నీ మీద మాకు మాట లేదు. ఇప్పుడు ఆమెను మేం వెనక్కి తీసుకున్నాం. నీ భుజం మీద ఇంక ఎవరూ లేరు. లేచి వెళ్ళు.”

కాఫులా లేవాలి. లేచి గడపకు వీపు పెట్టి, వెనక్కి చూడకుండా ముందుగదిలోకి నడవాలి. వెనక నుంచి షావా, “లేవరా కోతీ, ముసలాయన ఊపిరి వేస్టవుతోంది,” అంది. లేచాడు. నడవాలో సుద్ద అంకెల మీదుగా నడిచాడు. యాభై ఏడు, ఎనభై, తొంభై రెండు, తొంభై ఎనిమిది, నూరు. కిటికీ దగ్గర ఆగాడు. అంకెలు అక్కడితో అయిపోయాయి.

మొత్తం ఇరవై మూడు నిమిషాలు. ఒక్కసారీ తెగలేదు.

పన్నెండింటికల్లా ఆడవాళ్ళు న్షిమా సంకటి, ఎండుచేపలు తిని, పెర్పెచువా గుడ్డలు పంచుకుని మూటలు కట్టుకున్నారు. న్గోసా లాప్‌టాప్ సంచిలో పెట్టుకుంటూ ఆయన చెయ్యి పట్టుకుంది. “వచ్చే ఆదివారం వస్తాను పెదనాన్నా.” వస్తుంది గానీ ఆ పిల్లకు ఆదివారాలే డ్యూటీ. ఒంటిగంటకు కరెంటు పోయింది. వైఫై పెట్టె దీపం కూడా ఆరిపోయింది. గతంలో కరెంటు పోయాక ఇంట్లో మిగిలే చప్పుడు ఒకటుండేది. ఆయన అలవాటుగా పడకగది వైపు చెవి పెట్టి, గుర్తొచ్చి, ఊరుకున్నాడు.

“బావా!” అని కంచె మీంచి కేక. “ఇంక నా మైక్రోవేవ్ వేసుకోవచ్చా?”

“కరెంటు ఏదే?”

“వచ్చినప్పుడు!”

“వేసుకో. ఏ ఎలుకను కాల్చుకుంటావో కాల్చుకో.”

ఆమె నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వేసుకున్న చప్పుడు వినపడింది.

కాఫులా బల్ల దగ్గర కూర్చుని పదో పుస్తకం తెరిచాడు. తేదీ రాశాడు. లోపం: గడప దగ్గర పిలుపులకు బదులు అందకపోవడం. కారణం: ఏడో నంబరు పరికరం, అవసరం తీరాక ఆపలేదు. బాధ్యుడి గడి దగ్గర కలం కాసేపు ఆగింది. తరవాత, బడిలో పంతులు నేర్పినట్టు, అక్షరం అక్షరం విడివిడిగా తన పేరు పూర్తిగా రాశాడు. సరిచేసిన సమయం: ఎనిమిది గంటల నలభై నిమిషాలు.

నాలుగు వందల పదమూడు.

సిరా ఆరేదాకా పుస్తకం తెరిచే ఉంచాడు. ఇక మీదట ఇంటికి ఎవరొచ్చినా ఈ పేజీ కూడా చూపించాలి అనుకున్నాడు. గంట మీటలో బ్యాటరీ మళ్ళీ వేసొచ్చి, కుర్చీని గేటు కనపడేటట్టు జరుపుకుని, ఒళ్ళో పుస్తకంతో కూర్చున్నాడు.